వీరన్నకు లొకేషన్ పెట్టినారు

చెక్కినంత మాత్రాన ఏ రాయికీ చరిత్ర ఉండదని, దాన్ని యాప్‌లోకి ఎక్కించి, యాప్ ఒప్పుకున్న క్షణం నుంచే చరిత్ర మొదలవుతుందని ప్రొద్దుటూరులోని డిజిటల్ వారసత్వ విభాగం ఎప్పుడో తేల్చేసింది. (అంతకు ముందు గడిచిన శతాబ్దాలను పెండింగ్ కింద పరిగణిస్తారు.)

ఆ విభాగంలో శ్రీవాణి క్షేత్ర పరిశోధకురాలు. శాసనాల మీద డాక్టరేట్ చేసింది. పాత తెలుగు లిపి గడగడా చదవగలదు గానీ, చదవమని ఎవరూ అడగరు. పోస్టులు పెట్టడం, వాటికి లైకులు రాబట్టడం, ఇదీ ఆమె ఉద్యోగం.

ఆ ఎండాకాలం పెద్దముడియం పక్కన ఒక చేని గట్టు మీద ఆమెకు వీరగల్లు కనబడింది. మందను కాపాడబోయి దొంగల చేతిలో చచ్చిన కాపరికి ఊరు నిలబెట్టిన రాయి. బొమ్మ చేతిలో బల్లెం, కాళ్ల దగ్గర పొట్టేలు, కింద ఒక వరస అక్షరాలు. శ్రీవాణి మోకాళ్ల మీద కూచుని, మన్ను దులిపి, అక్షరాల్ని వేలితో తడుముతూ చదివింది. చచ్చినవాడి పేరు మారయ. ఇన్నేళ్లకు ఆ పేరు పైకి పలికింది తానేనేమో అనుకుని, ఇంకోసారి పలికింది.

చేను చెన్నమ్మది. గొర్రెలు మేపుకునే ఇల్లు, ఈమధ్యే శనగ కూడా వేస్తున్నారు.

"ఏంది రాసుండేది ఆడ?" అని అడిగింది చెన్నమ్మ.

"ఆయన పేరవ్వా. మారయ."

"మా ఇంట్లో వీరన్న అంటాం. మంద కదిలే ముందు బొట్టు పెడతాం." ఆమె రాయిని చేత్తో తడిమింది. "మారయ. శానా బాగుంది పేరు."

పాతరాయి కనబడితే చాలు, కింద బంగారం ఉంటుందని తవ్విపోసే ముఠాలు ఆ పక్క తిరుగుతుంటాయి. అందుకని ఒక కంచె, ఒక కాపలా మనిషి కావాలని శ్రీవాణి ఉపసంచాలకుడు రాఘవేంద్రప్రసాద్‌ను అడిగింది. ఆయన తన సర్వీసంతా రాళ్లను తెర మీదే చూసిన మనిషి. (ఎండలో రంగులు సరిగ్గా కనబడవని ఆయన అభిప్రాయం.)

"కంచెదేముందమ్మా, వేయొచ్చు. కానీ జనాదరణ లేని రాయికి ఎట్లా మంజూరు చేస్తాం? రీల్ పెట్టు. పదివేల లైకులు దాటితే కంచె దానంతటదే వస్తుంది."

"పెడతా సార్. లొకేషన్ మాత్రం వద్దు. తవ్వేటోళ్లకు మనమే దారి చూపినట్లయితాది."

"పారదర్శకత," అన్నాడాయన. (ఈ మాట తర్వాత ఆ విభాగంలో ఎవరూ మాట్లాడరు.)

ఆమె లొకేషన్ లేకుండా ప్రయత్నించింది. "ఈ రాయి ఉనికిలో లేదు" అంది యాప్. ఆఫీసు లొకేషన్ పెట్టింది. "మీరు రాయి దగ్గర లేరు" అంది. కంచె లేకపోతే రాయి ఎట్లాగూ నిలవదు. చివరికి ఆ చేని గట్టు మీదే నిలబడి, కళ్లు మూసుకుని నొక్కింది. సంగీతం యాప్ తనే ఎంచుకుంది. చచ్చిన కాపరికి పెళ్లి బ్యాండు పడింది.

కొన్నాళ్లు రీల్ కదల్లేదు. తర్వాత ఎవరో కింద "దీని కింద ఎంత ఉంటాదంటావు మామా?" అని రాసి, కుండ బొమ్మ పెట్టారు. అక్కడి నుంచి లైకులు పొంగుకొచ్చాయి. ఎంత లోతు తవ్వాలని ఒకరు, తవ్వే మిషను అక్కడిదాకా పోతుందా అని ఒకరు. విభాగం దీన్ని "ప్రజల్లో చారిత్రక జిజ్ఞాస" కింద లెక్కవేసింది. అడిగిన ప్రతివాళ్లకూ విభాగం పేరుతో జవాబు దానంతటదే వెళ్లింది: "మీ ఆసక్తికి ధన్యవాదాలు. దారి కోసం ఇక్కడ నొక్కండి."

శ్రీవాణి ఫోన్ చేసింది. "సార్, కామెంట్లు చూడండి. తీసేద్దాం."

"రీచ్ పెరుగుతున్నప్పుడు తీసేస్తే ఆల్గారిథమ్ అలుగుతుందమ్మా."

లైకులు పదివేలు దాటిన మర్నాడు పొద్దున్నే చెన్నమ్మ ఫోన్ వచ్చింది. "ఒకసారి వచ్చి పోమ్మా," అని మాత్రం అంది.

గట్టు లేదు. మనిషి మునిగేంత గుంత ఉంది. రాయిని సమ్మెటతో పగలగొట్టి పక్కన పోశారు. పేరు ఉన్న చోట రాయి పొడి పొడి అయింది.

"ఈడ రాయుందని మా ఊరోళ్లకే శానామందికి తెలీదు. వాళ్లకెవరు చెప్పింటారమ్మా?"

శ్రీవాణి ముక్కల పక్కన కూచుంది. "నేనే చెప్పినా అవ్వా. ఫోన్లో."

చెన్నమ్మ వంగి, పొట్టేలు తలకాయున్న ముక్క ఏరుకుని కొంగులో వేసుకుంది. తిట్టింటే బాగుండేదని శ్రీవాణికి చాలాకాలం అనిపించింది.

మాట తప్పే విభాగం కాదది. కంచె వచ్చింది. గుంత చుట్టూ వేశారు. కాపలాకు ఖాదర్ అనే అతన్ని పెట్టారు. చెన్నమ్మ కుంకుమ తీసుకుని వస్తే, అతను ఇబ్బందిగా లేచి నిలబడ్డాడు. "లోపలికి పోగూడదంట అవ్వా, రక్షిత ప్రాంతమంట. బోర్డు మీది గళ్లబొమ్మను ఫోన్‌తో కొడితే వీరన్న కనబడతాడంట."

"ఫోన్‌కు పెట్టాల్నా బొట్టు?" అంది చెన్నమ్మ. ఖాదర్‌కు దీని గురించి ఆదేశాలేవీ రాలేదు.

పులివెందులలో జరిగిన సభలో ఆ ఏడాది అత్యధిక జనాదరణ పొందిన స్మారకంగా మారయ వీరగల్లుకు బహుమతి ఇచ్చారు. (స్మారకం ఉండి తీరాలని నిబంధనల్లో లేదు.) రాయి పోయినా రీల్‌లోంచి యాప్ తయారుచేసిన త్రీడీ నమూనా ఉంది, వేలితో తిప్పితే వీపు కూడా కనబడుతుంది, అసలు రాయికి ఆ సౌకర్యం ఎక్కడిదని రాఘవేంద్రప్రసాద్ శాలువా సర్దుకుంటూ అడిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి వరసలో ఉంది కాబట్టి శ్రీవాణి కూడా కొట్టింది.

వానలు పడ్డాక దువ్వూరు పక్క కాలవ గట్టు కోసుకుపోయి ఇంకో రాయి బయటపడింది. ఈసారి బొమ్మ ఆడమనిషిది, చేతిలో కత్తి. శ్రీవాణి పేరు చదివింది. అటూ ఇటూ చూసింది. రెండు చేతులతో మన్ను మళ్లీ రాయి మీదికి తోసి, కాలితో అణగదొక్కి, కంపచెట్టు కొమ్మలు విరిచి దాని మీద పరిచింది.

తర్వాత యాప్ తెరిచి "ఏమీ దొరకలేదు" అని నొక్కింది. యాప్ లొకేషన్ అడగలేదు, ఫోటో అడగలేదు. పచ్చటి టిక్కు పెట్టి, "మీ సమాచారం నిజమని నిర్ధారించాం" అంది.