ఊబిభూతానికి పౌరసన్మానం

సోమవారం పొద్దున్న పాలప్యాకెట్లు వేసే వేళకి, ‘చీకటి బొమ్మలు’ మాసపత్రిక పాత సంచికలోంచి ఊబిభూతం లేచి బయటికొచ్చి, లేక్ వ్యూ కాలనీ గేటు దగ్గర నిలబడి, తన ఊబి ఎటు పోయిందని వాచ్‌మన్‌ని అడిగింది. వాచ్‌మన్ విజిటర్ల పుస్తకం ముందుకు తోసి, ఏ ఫ్లాటుకి వెళ్ళాలో రాయమన్నాడు. భూతం ‘ఊబి’ అని రాసింది. ఆ పేరుతో ఫ్లాటు లేదు కాబట్టి బయటే కూర్చోబెట్టాడు. అతని డ్యూటీ అతను చేశాడు.

ఆ సంచిక గురించి మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. దాన్ని గీసిన ఆర్టిస్టు మా ఊరివాడే, ఊరి చివర ఊబిని చూసే గీశాడు. కథలో నల్లముసుగు అనే వీరుడు పోరంబోకు భూములు మింగినవాళ్ళని కాలర్ పట్టుకుని తెచ్చి ఊబిలో పడేస్తాడు. నిజం ఒప్పుకునేదాకా ఊబిభూతం వాళ్ళని పీకలోతున పట్టి ఉంచుతుంది. ఊబులు చాలా ఊళ్ళకి ఉంటాయి. బొమ్మల కథకెక్కిన ఊబి మాత్రం మాదొక్కటే. తర్వాత దాన్ని మెరక చేసి కాలనీ కట్టుకున్నాం, అది వేరే సంగతి.

ఆ సంచిక ఇప్పుడు ఖాజాబీ దగ్గర తప్ప ఎక్కడా లేదు. బస్టాండు వెనక అద్దె పుస్తకాల షాపు ఆమెది. పేజీలో భూతం ఉండాల్సిన చోటు తెల్లగా కనిపించేసరికి, ఆమె బిందెడు నీళ్ళు పట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది. తడి ఆరితే ఊబిభూతం బతకదని కథలోనే ఉంది.

“అయ్యో, భుజాలు అప్పుడే బీటలిచ్చినయ్యే!” అంటూ నెత్తిన నీళ్ళు పోసింది.

“నా ఊబేదమ్మా?” అంది భూతం.

“మూడో బ్లాకు కింద ఉంది నాయనా.”

“ఎప్పుడు తీస్తారు?”

ఖాజాబీ వెళ్ళి మరో బిందె తెచ్చింది.

ఇద్దరూ కలిసి భూముల ఆఫీసుకి వెళ్ళారు. ఆఫీసరుగారు సంచిక మొదటినుంచి చివరిదాకా కుదురుగా చదివి, చిన్నప్పుడు ఇది చదివి లాగు తడుపుకున్నానని భూతం చేతిని ఆప్యాయంగా నొక్కారు. అయితే బొమ్మలో సర్వే నంబరు లేదు కాబట్టి అక్కడ ఊబి ఉండేదని చెప్పడానికి కుదరదన్నారు. ఊబి లేకుండా ఊబిభూతం ఎక్కణ్ణుంచి వస్తుందని భూతం అడిగింది. “మీరున్నారండీ, మిమ్మల్నెవరు కాదన్నారు? ఊబే లేదు,” అన్నారాయన, టీ తెప్పించి. మా ఊరి ఆఫీసుల్లో మర్యాదకి లోటుండదు.

బుధవారం నల్లముసుగు కూడా పేజీ దిగి వచ్చాడు. నేరుగా వెళ్ళి, ఊబిని పూడ్చి కాలనీ కట్టిన చంద్రమౌళిగారిని వాకింగులో ఉండగా కాలర్ పట్టుకున్నాడు. పడెయ్యడానికి చోటు కోసం కాలనీ అంతా ఈడ్చుకు తిరిగాడు. ఎక్కడ చూసినా సిమెంటే. చివరికి ఇద్దరూ అలిసిపోయి పార్కు బెంచీ మీద కూర్చున్నారు. కాలర్ మాత్రం వదల్లేదు.

“కాస్త నెమ్మదిగా పట్టుకోండి సార్, ఇస్త్రీ చొక్కా,” అన్నారు చంద్రమౌళిగారు. “ఇంత పెద్దవాళ్ళు మా ఊరొస్తే ఇంతవరకూ ఓ సన్మానం కూడా చెయ్యలేదు. మాకెంత నామోషీ!”

ఆదివారం కల్యాణమండపంలో సన్మానం జరిగింది. నల్లముసుగు కాలర్ పట్టుకునే స్టేజీ ఎక్కాడు. శాలువా కప్పారు. శాలువా కప్పించుకున్నవాడు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాలి, అది ఎక్కడైనా ఉన్నదే. అతను ఒక్క చెయ్యి ఎత్తి చూశాడు. హాలంతా ఎదురుచూస్తోంది. ఫొటోగ్రాఫరు కెమెరా దించకుండా నిలబడ్డాడు. చివరికి రెండో చెయ్యి కూడా కాలర్ వదిలి పైకి లేచింది. చంద్రమౌళిగారు కాలర్ సవరించుకుని మైకు అందుకున్నారు. అప్పుడు మోగిన చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ మాకు ఒళ్ళు పులకరిస్తుంది.

తర్వాత భూతం వంతు. వాకర్స్ క్లబ్బు వాళ్ళొకటి, వర్తక సంఘం వాళ్ళొకటి, బిల్డర్ల సంఘం వాళ్ళు జరీ అంచుది ఇంకొకటి, ఇలా శాలువా మీద శాలువా కప్పుతూ పోయారు. ఒక్కో శాలువా ఒంట్లో తడిని కొంచెం పీల్చుకుంది. వందన సమర్పణ అయ్యేదాకా శాలువా తీస్తే కప్పినవాళ్ళని అవమానించినట్టే కాబట్టి భూతం తియ్యలేదు. ఊబిలో బతికినదైనా సభామర్యాద తెలిసినది.

“కాసిని నీళ్ళు,” అంది.

“చూశారా! ఇంత గొప్పవారై ఉండీ మననుంచి కోరింది మంచినీళ్ళు మాత్రమే!” అన్నాడు వ్యాఖ్యాత. మళ్ళీ చప్పట్లు.

ఖాజాబీ బిందె ఎత్తుకుని లేచింది. సరిగ్గా అప్పుడే ఆమెని స్టేజీ మీదికి పిలిచారు, సంచికని ఇన్నాళ్ళు కాపాడినందుకు. ఫ్లెక్సీ మీద మూలగా ఆమె ఫొటో కూడా ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె పేరు మైకులో వినపడటం అదే మొదటిసారి. బిందె కుర్చీ కింద పెట్టి వెళ్ళింది. ఆమె శాలువాతో దిగి వచ్చేసరికి భూతం కూర్చున్నచోటే ఎండిపోయి ఉంది. వందన సమర్పణ ఇంకా మిగిలుంది కాబట్టి ఎవరూ లేవలేదు.

దాన్ని అలాగే తెచ్చి కాలనీ గేటు పక్కన పీఠం మీద కూర్చోబెట్టుకున్నాం. పక్క ఊళ్ళవాళ్ళు బస్సులు మాట్లాడుకుని వచ్చి చూసిపోతుంటారు. నల్లముసుగు కాలనీ భద్రతా కమిటీకి చైర్మన్ అయ్యాడు. విజిటర్ల పుస్తకంలో పేరు రాయకుండా లోపలికొచ్చే వాళ్ళని కాలర్ పట్టుకుని బయటికి నడిపిస్తాడు.

శ్రావణంలో వానలు పడ్డాయి. ఒకప్పుడు ఊబిలోకి పోయే నీళ్ళు ఏటా మా ఇళ్ళల్లోకి వస్తాయి, ఆ ఏడూ వచ్చాయి. సామాన్లు మంచాల మీద పడేసి అందరం గేటు దగ్గరికి పరుగెత్తాం. ఊరి పరువు తడవకూడదని ఫ్లెక్సీలు విప్పి భూతానికి పైన పందిరిలా పట్టుకున్నాం. మోకాలిలోతు నీళ్ళలో ఒక్కడంటే ఒక్కడు కదల్లేదు.

కానీ నీళ్ళు కిందనుంచి వచ్చాయి. పీఠం ఎక్కి పాదాలని అందుకున్నాయి. కాలివేళ్ళు మెత్తబడి, మెల్లగా కదిలాయి.

“వచ్చేసిందా నా ఊబి?” అంది భూతం.

“పీఠం పల్లమైంది,” అన్నారు చంద్రమౌళిగారు. “రెండు లారీల పొడి మట్టి తెప్పించండి.”

లారీ రివర్సులో వస్తుంటే నల్లముసుగే వెనక నిలబడి “రానీ, రానీ” అని చెయ్యి ఊపాడు. ఆఫీసరుగారు ప్యాంటు మడిచి దిగారు. వరసకట్టి తట్టలు అందించుకున్నాం. ఏ పనైనా మా ఊళ్ళో ఇలా అందరం ఒక్కటై చేస్తాం.

భూతం మళ్ళీ అడిగింది, ఈసారి కాస్త గట్టిగా.

“వస్తంది నాయనా, ఓపిక పట్టు,” అంది ఖాజాబీ, తట్టెడు మట్టి దాని పాదాల మీద పోస్తూ.