ఆర్విడ్ గారి అధికార చెవి

శనివారం నాటి చేపల పండుగకు సరస్సు మీది మంచు ట్రక్కుల బరువు మోయగలదని ఆర్విడ్ టోర్గర్‌సన్ గారి కుడి చెవి ధ్రువీకరించినట్టు ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఎరల కొట్టు తలుపు మీద అంటించిన ఈ ప్రకటన కింద పండుగ సంఘం అధ్యక్షుడు గోర్డన్ స్టెన్‌బర్గ్ సంతకం ఉంది. ఆ కొట్టూ ఆయనదే.

ఉత్తర మిన్నెసోటాలో సరస్సున్న ఊళ్లకు లోటు లేదు గానీ, చెవి ఉన్న ఊరు మాదొక్కటే. మిగతావాళ్లు పాపం బరమాతో మంచుకు కన్నం పెట్టి, బద్దతో మందం కొలుచుకుంటారు. కన్నాలు మేమూ పెడతాం, గాలం వేసి చేపలు పట్టడానికి; పండుగనాడైతే ట్రక్కులతో సహా మంచు మీదికే పోతాం. ఆ కన్నంలో మంచు నాలుగంగుళాలే కనబడుతోంది. ట్రక్కుకు అడుగు పైన మందం ఉండాలని మా ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. అయినా మా కళ్లకు అధికారం ఎవరిచ్చారు? ఆర్విడ్ గారు బోర్లా పడుకుని, మంచుకు చెవి ఆనించి, లేచి, "చప్పుడు లేదు" అన్నారంటే అది గట్టి మంచు. పన్నెండేళ్లుగా ఆయనకు చప్పుడు వినబడలేదు. ఆ పన్నెండేళ్లలో మునిగినవి మూడే ట్రక్కులు. తప్పు ట్రక్కులదేనని విచారణలో తేలింది.

ఎడమది చిన్నప్పుడే పోయింది, పనిచేసేది ఇదొక్కటే. అంతటి చెవిని ఊరు నిర్లక్ష్యం చేస్తుందా? ఏటా రిబ్బను కట్టి ఒక డబ్బా దూది పుల్లలు బహూకరించేవాళ్లం. ఆయన రోజూ పొద్దున్నే ఆ పుల్లతో గుబిలిని శ్రద్ధగా లోపలికి దట్టించేవాడు. పాతకాలపు ఫిరంగిలో మందు కూడా అంత గట్టిగా కూరి ఉండరు. ఒకసారి పెరట్లో పిడుగు పడితే, ఎవరో తలుపు తట్టారనుకుని వెళ్లి తీశాడు. అబద్ధమైతే నన్నడగండి.

ఆపద ఆయన మేనకోడలు సోన్యా రూపంలో వచ్చింది. డాక్టరు దగ్గర నర్సు.

"మావయ్యా, నీ చెవిలోకి చూస్తే గోడ కనబడుతోంది. ఆ పుల్లలు పొయ్యిలో పడెయ్!" అని అరిచింది.

"అవునమ్మా, మంచు గట్టిదే" అన్నాడాయన.

కర్ణభేరికి ఎప్పుడూ చిల్లు పడలేదనీ, నొప్పీ చీమూ లేవనీ కాగితం మీద రాసి అడిగి తెలుసుకున్నాకే డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు. సోన్యా ఆ సీసాను అరచేతుల్లో కాసేపు వెచ్చబెట్టి, ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, సీసా మూతి చెవికి తగలకుండా అయిదు చుక్కలు వేసి, అయిదు నిమిషాలు కదలనివ్వలేదు. పూటపూటా ఇంతే. ఇంత సులువైన వైద్యాన్ని మా ఊళ్లో ఎవరు నమ్ముతారు? చెవిలో కొవ్వొత్తి పెట్టి వెలిగిస్తే గుబిలి పొగలా లేచిపోతుందని గోర్డన్ భార్య అగ్గిపెట్టెతో సహా వచ్చింది. సోన్యా ఆమెనూ కొవ్వొత్తినీ కలిపి బయటికి పంపింది.

రెండో రోజుకు గుబిలి నాని ఉబ్బి, ఉన్న కాస్త వినికిడీ పోయింది. "మొదట్లో అలాగే ఉంటుంది, నొప్పి పుడితే చెప్పు" అని సోన్యా రాసి చూపించింది. సంఘం మాత్రం పరమానందభరితమై, మంచు మునుపెన్నడూ లేనంత గట్టిపడిందని రెండో ప్రకటన అంటించింది.

శుక్రవారం డాక్టరు గోరువెచ్చని నీళ్లతో చెవి కడిగాడు. వచ్చిన ముద్ద మొక్కజొన్న గింజంత అని డాక్టరంటాడు. గుర్రపు డెక్కంత అని నేనంటాను. ఆర్విడ్ తిన్నగా సరస్సుకు పోయి, పడుకుని, ఉలిక్కిపడి లేచాడు.

"ఎక్కించకండిరా ట్రక్కులు! కింద చిటచిటా పగులుతోంది. దేవుడా, పన్నెండేళ్లుగా నేనేం విన్నాను?"

ఆ సాయంత్రమే చర్చి హాల్లో అత్యవసర సభ. గోర్డన్ గొంతు సవరించుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! ఆర్విడ్ గారి సేవలు అమూల్యం. కానీ ఆ చెవిలో మందు పడింది. మందు పడిన చెవి నిష్పక్షపాతంగా ఉండగలదా? మంచు మారలేదు, చెవి మారింది!"

చప్పట్లు మోగాయి.

"ఒరేయ్ గోర్డీ, రేపు నీ మనవరాల్ని కూడా ఎక్కిస్తావుట్రా ఆ ట్రక్కులో?" అన్నాడు ఆర్విడ్.

ఆ అంశం ఎజెండాలో లేదని అధ్యక్షులవారు సెలవిచ్చారు. మంచు గట్టిదేనని ఏకగ్రీవంగా చేతులెత్తాం.

శనివారం ఒడ్డున అరవై ట్రక్కులు బారులు తీరాయి. మా జనం మర్యాదకు పెట్టింది పేరు. అందరికన్నా ముందున్న గోర్డన్ బండి పక్కకు తీసి, "ముందు మీరు పదండి" అన్నాడు.

"అబ్బే, అధ్యక్షులుండగా మేమా!"

"నువ్వు పద బావా."

"పెద్దవాడివి, నువ్వు నడువన్నా. నేను కాఫీ తాగొస్తా."

ఈ మర్యాద పొద్దు వాలేదాకా సాగింది. ఒక్క చక్రం కూడా మంచు తాకలేదు. ఆర్విడ్ ఒడ్డున నిలబడి, అందరి మర్యాదనూ అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. ఒక్క ట్రక్కూ మునగలేదు కాబట్టి మంచు గట్టిదేనని రుజువైందని సంఘం నివేదిక రాసుకుంది.

ఆ వరుసలో నాది నలభై మూడో ట్రక్కు. నాకు ముందు ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారన్న ధైర్యంతోనే సభలో నేను రెండు చేతులూ ఎత్తాను. ఇంతకీ మీ ఊరి వరుసలో మీరెన్నోవారు?