తవుడు బస్తాలో ఐసుగడ్డ

రండి, రండి, దగ్గరికి జరగండి. ఆ కబుర్లు కాస్సేపు కట్టిపెట్టండి. నడివేసవిలో ఐసుగడ్డకి బొక్క పెట్టి చేపలు పట్టడానికి బయల్దేరిన మగాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. అప్పుడే నవ్వకండి, నవ్వే చోటు ఇంకా రాలేదు.

కొండల నడుమ రిజర్వాయరు కట్టిన కొత్త. నాకో గేలపు కర్ర ఉండేది, పన్నెండడుగుల వెదురు. రెండేళ్ళపాటు నా ఎరలు తిని చేపలు ఒళ్ళు చేశాయి గాని, ఒక్కటీ పైకి రాలేదు. నన్ను చూస్తే మేనమామ మిఠాయి తెచ్చాడని ఎదురొచ్చేవి. ఊళ్ళో నా పేరు ఎరల జగన్నాధం.

మా ఆవిడ దేముడమ్మ కన్ను ఆ కర్ర మీద పడింది.

"మావా, నా ఆనపపాదు నేల మీద పాకతంది. ఆ కర్ర ఇలగియ్యి, పందిరికి పాతుకుంటాను."

"నా గేలపు కర్ర పందిరికా! నీకేటి, మతిపోనాదేటి?"

"సేపలెలాగూ మొయ్యదు. ఆనపకాయలైనా మోస్తాది."

ఇలా ఉండగా మా బావమరిది నూకయ్య మిలట్రీ నుంచి సెలవు మీద దిగాడు. వాడు మంచుకొండల్లో కాపలా.

"బావా, అక్కడ సెరువు మీద ఐసు బండలాగ పేరుకుంటాది. బొక్కెట్టి గేలమేస్తే సాలు, సేపలు వరస కట్టి వస్తాయి" అన్నాడు.

అంటే ఇన్నాళ్ళూ లోపం నాలో లేదు! మా రిజర్వాయరుకి ఐసు లేకపోవడంలో ఉంది!

"ఒసే, ఆదివారం పొద్దుగూకే లోపల సేప తెస్తాను. తేకపోతే కర్ర నీది."

"తలమీద సెయ్యెట్టి సెప్పు."

ఆవిడ తలకేసి చెయ్యి చాపాను.

"నా తల కాదు, నీ తల" అంది.

ఆదివారం పొద్దున్న కుమ్మరి ఎర్రన్న ఇజీనారంలో కుండలు దింపి ఖాళీ బండితో తిరిగొస్తుంటే, ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆపి దూడంత గడ్డ ఎక్కించాను. నడిమధ్య గునపంతో బొక్క కూడా కొట్టించాను. కరక్కుండా ఊక కప్పాలన్నారు. నేను ముందే పెరట్లోంచి ఊకబస్తా తెచ్చుకున్నాను. విప్పితే ఏముంది, తవుడు! మా గేదె తవుడు. ఐసుకి తేడా తెలుస్తుందా అని గడ్డకి దట్టంగా పట్టించి, అదే గోనె చుట్టాను.

మొదటి ఊళ్ళో పెళ్ళివారు బండి ఆపారు. పెళ్ళికొడుకు ఎండకి సొమ్మసిల్లాడట, నెత్తిమీదికి చిన్న ముక్క అడిగారు. ముక్క పెట్టగానే అతను లేచాడు, చుట్టాలందరూ పడిపోవడం మొదలెట్టారు.

రెండో ఊళ్ళో ఒక ముసలమ్మ గడ్డ మీద చెయ్యేసి "ఓలమ్మో, కాలిపోనాను!" అని కేకేసింది. నిజమో కాదో తేల్చుకోడానికి ఊరంతా తలో చెయ్యీ వేశారు.

రిజర్వాయరు గట్టు ఎక్కేసరికి దూడ కాస్తా మేకపిల్లయింది. గట్టు దిగేసరికి మేకపిల్ల కోడిపెట్టయింది. నీళ్ళ ఒడ్డున గోనె విప్పితే సరిగ్గా గారె అంత మిగిలింది. బొక్క మాత్రం చెక్కు చెదరలేదు.

గారెని నీళ్ళలో వదిలి, బొక్కలోంచి గేలం దింపుతున్నాను. గేలం దిగే లోపల గారె కరిగిపోయింది.

అప్పుడు వినబడింది గట్టు మీంచి కేక.

"నా గేదె తవుడేదీ?"

దేముడమ్మ! కొంగు బిగించి వచ్చేస్తోంది.

"పొద్దున్నుంచి గేదె కుడితి ముట్టనేదు. తవుడు నేని కుడితి నువ్వు తాగుతావేటి?"

"ఐసుకి సుట్టానే."

"ఆ ఐసేదీ?"

చేత్తో రిజర్వాయరంతా చూపించాను. "ఇందులోనే ఉన్నాది."

ఆవిడ తిట్టాల్సింది తిట్టి, ముద్దయిపోయిన గోనె జాడిద్దామని మోకాలిలోతు నీళ్ళలోకి దిగింది. తవుడు తెట్టులా పరుచుకుంది. అంతే! రెండేళ్ళు నేను మేపిన నా మేనల్లుళ్ళంతా పెళ్ళిపంక్తికి వచ్చినట్టు ఎగబడ్డారు. దేముడమ్మ గోనె అడుగునుంచి ఎత్తింది. ఒక్క ఎత్తుకి ఏడు బొచ్చె చేపలు! ఒక్కోటి రుబ్బురోలు పొత్రమంత!

నేను ఎగిరి గంతేశాను. "సేప దొరికింది! పందెం నాదే!"

"తవుడు నా గేదెది. గోనె నాది. సేపల్ని అట్టినదాన్ని నాను. ఇందల నీదేటుంది మావా?"

"ఐసు!"

"అదెక్కడుందో సూపించి కర్ర అట్టుకెల్లు."

నీళ్ళ వంక చూశాను. నీళ్ళు నా వంక చూశాయి.

ఆవిడ ఏడు చేపల్నీ నా గేలపు కర్రకే వేలాడగట్టి, నా భుజం మీద పెట్టింది. రెండేళ్ళలో ఆ కర్రకి చేప తగలడం అదే మొదటిసారి. సాయంత్రానికి అది పెరట్లో ఆనపపాదు కింద నిలబడింది.

అంతకుముందు, ఇంటికి తిరిగొచ్చే దారిలో ఎర్రన్న ఎడ్లని ఆపి, జాలిగా నా వైపు తిరిగాడు.

"తప్పు నీది కాదు జగన్నాధం. ఆల్లు నీకు పచ్చి ఐసు అంటగట్టినారు. మరోపాలి నాకు సెప్పు, కుండల్తోపాటు ఆవంలో ఎట్టి ఎర్రగా కాల్సిస్తాను. ఓపాలి కాలినాదంటే మరి నీల్లలో కరగదు."