డెంటల్ కుర్చీలో బేస్‌బాల్ విమర్శ

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో పళ్ల డాక్టరుగా స్థిరపడిన నాకు బేస్‌బాల్‌లో ఎంత ప్రావీణ్యం ఉందో 1982 నాటికి ఇద్దరికే తెలుసు. ఒకణ్ణి నేను. రెండోవారు మా ఆవిడ విద్య. ఆమెకు తెలియక తప్పలేదు. పొద్దున్నే ఇడ్లీ తింటూ, పేపర్లో ఫ్రాంక్ డోనెలీ రాసే ఆటల కాలమ్‌ను పైకి చదివి వాక్యానికో తప్పు పట్టేవాణ్ణి. నేనెన్నడూ బ్యాటు పట్టుకోలేదు. విమర్శకుడన్నవాడు నిష్పక్షపాతంగా ఉండాలి కదా.

మా ప్రాంతపు జట్టు సంగతి కొంత చెప్పాలి. అందరూ మహామహులే. ఎనిమిది ఇన్నింగ్స్ దాకా గెలుస్తూ వచ్చి, ఆఖరిదైన తొమ్మిదోదానిలో ఎదుటివాళ్లమీద జాలిపడేవారు. ఏప్రిల్‌లో "ఈ ఏడు మనకు తిరుగులేదు" అని రాసిన డోనెలీ, జూన్‌లో మేనేజర్ని తీసెయ్యమన్నాడు. ఆగస్టులో "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను" అన్నాడు. ఆ మూడు మాటలూ ఆ మూడు నెలల్లోనే నేనూ అన్నాను. కాని నాది విశ్లేషణ.

"ఏవండీ, అంత కోపమైతే ఆయనకే ఫోన్ చేసి చెప్పండి. నాకు ఆఫీస్‌కి లేట్ అవుతోంది," అంది విద్య.

ఫోన్ అక్కర్లేకపోయింది. ఆ వారమే డోనెలీకి పంటినొప్పి వచ్చింది. వాళ్ల డాక్టరు సెలవులో ఉండటంతో నా క్లినిక్‌కి వచ్చాడు. "కింద, ఎడమవైపు," అన్నాడు మర్యాదగా. నోటినిండా దూది కుక్కి, ఇక జవాబు రాదని నిర్ధారించుకున్నాక మొదలుపెట్టాను.

"మూడో బేస్ దాకా వచ్చిన మనిషిని ఆఖరి బేస్‌కి చేర్చి ఒక్క పరుగు తెచ్చుకోలేని జట్టుని అలా పొగిడారే! మీరసలు ఆట చూసి రాస్తారా?"

ఆయన "ఆ, ఆ" అన్నాడు. ఒప్పుకుంటున్నాడనుకున్నాను. చేతులు ఊపాడు. నా వాదనకు చలించిపోయాడనుకుని మత్తు సూది ఇచ్చాను. మేనేజర్ విషయం మాట్లాడుతూ డ్రిల్లు పెట్టాను. దూది తీశాక తెలిసింది, తొలిచింది కుడివైపు పన్నని. సూదీ అటే ఇచ్చాను కనుక ఆయనకు నొప్పి తెలియలేదు. పనితనమంటే అదీ.

"డాక్టర్," అన్నాడాయన ముద్దముద్దగా, "మీరు బంతి వేరే బేస్‌కి విసిరారు."

క్షమించమని వేడుకుని, ఎడమ పన్ను నోరెత్తకుండా బాగుచేశాను. లైసెన్స్ పోతుందని ఇంట్లో అన్నం మానేశాను. పెద్దమనిషి కోర్టుకెక్కలేదు. ఆదివారం కాలమ్‌కు ఎక్కించాడు: "మన జట్టులాగే డాక్టర్ జగన్మోహన్‌కీ సామర్థ్యానికి కొదవలేదు. ఎటువైపు వాడాలన్నదే తెలియదు."

మధ్యాహ్నానికి మా తెలుగు సంఘం అధ్యక్షులు రామమోహనరావుగారు ఫోన్ చేశారు. "కంగ్రాచులేషన్స్ అండీ! అమెరికన్ పేపర్లో మనవాడి పేరు! స్పెల్లింగ్ కూడా కరెక్ట్‌గా వేశారు!"

మరుసటి శనివారం సభ జరిగింది. "తెలుగువాడి వాణిని అమెరికన్ క్రీడాలోకం నోరు తెరుచుకుని విన్న శుభసందర్భమిది," అని గద్గదస్వరంతో ప్రసంగించి ఆయన నాకు శాలువా కప్పారు. విద్య ముందు వరసలో తల వంచుకుని కూర్చుంది. నేను శాలువా సర్దుకుని, పత్రికా రచయితల బాధ్యతారాహిత్యంపై చాలాసేపు మాట్లాడాను. చప్పట్లు మోగాయి. వ్యాసం ఎవరూ చదవలేదన్న ధైర్యంతో హాయిగా నిద్రపోయాను.

సోమవారం క్లినిక్‌కి వెళ్లేసరికి మనవాళ్లంతా అపాయింట్‌మెంట్లు క్యాన్సిల్ చేసుకున్నారు. మొదటి ఫోన్ రామమోహనరావుగారిదేనట.