మాలచ్చమ్మ మోకాలు

చీపురుపల్లి దారిలో ఉన్న పండుటాకుల వసతి గృహంలో, ఒకటి నుంచి పది లోపు అంకె చెప్పని నొప్పి ఏదైనా ఆ గది చూసే ఆయాకు వెళ్లిపోతుంది. అంకె చెబితే ఎవరి నొప్పి వారి దగ్గరే ఉంటుంది, డాక్టరుగారొచ్చి మాత్ర ఇస్తారు. మాత్ర వల్ల తగ్గిన దాఖలా లేదు. చెప్పకపోతే రాసుకోవడానికి వీలుండదు. అలాగని నొప్పిని గాలికొదిలేయలేరు కదా, అందుకని ఆయాకిస్తారు.

ఈ ఏర్పాటు ముసలివాళ్లకు ఇట్టే అర్థమైంది. నొప్పి చెప్పుకోవడానికి మనకు మాటల కరువా! సలుపు, పోటు, లాగుడు, గుంజుడు అంటూ నోరారా చెప్పేవారు. అంకె అడిగితే మాత్రం నవ్వి ఊరుకునేవారు. ఆ తర్వాత పెరట్లోకెళ్లి తొక్కుడుబిళ్ల ఆడుకునేవారు. పాతికేళ్ల ఆయాలు నడుం పట్టుకుని మెట్ల మీద కూర్చుని, వాళ్లను చూసి ముచ్చటపడేవారు. ఇంత హుషారైన చోటు జిల్లాలోనే లేదని చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు మెచ్చుకునేవారు.

లోపం ఆయాల చదువులో ఉందని యాజమాన్యం తేల్చింది. చదవడం, మాట్లాడడం, లెక్కలు వస్తే అంకె రాబట్టగలరని శిక్షణ పెట్టింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. ఇక్కడ మతికేం కాలేదు గానీ, పోయిన నడుములే ఇంకాస్త పోయాయి. ఆఖర్న పరీక్ష, తప్పితే ఉద్యోగం ఊడుతుంది. ఆయాల్లో ఒకతైన పైడితల్లి చదవడం, మాట్లాడడం గట్టెక్కింది. ఇక లెక్క మిగిలింది. తన గదిలో ఉండే మాలచ్చమ్మ చేత ఒక్క అంకె చెప్పించాలి. ఆవిడ మోకాలి నొప్పిని పైడితల్లి ఎన్నాళ్లుగానో మోస్తోంది.

పరీక్షాధికారి సన్యాసిరాజుగారు పెరట్లో కుర్చీ వేయించుకున్నారు. మాలచ్చమ్మ ఒంటికాలి మీద గెంతుతోంది. పైడితల్లి కుంటుకుంటూ దగ్గరకెళ్లింది.

"మామ్మా, మోకాలెలగుంది?"

"సలిపేస్తంది పిల్లా."

"పదిలో ఎంత?"

"నొప్పికి నంబరేటే? అదేటి, బస్సా?"

సన్యాసిరాజుగారు పెన్ను మూత తీశారు. పైడితల్లి పడిపోకుండా గోడ పట్టుకుంది. మాలచ్చమ్మ గెంతడం ఆపి ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

"నాను సెప్పకపోతే నీ ఉజ్జోగం పోద్దేటే?"

"పోద్ది మామ్మా."

"అయితే ఏడు."

అన్నదే తడవు మోకాలు మడతపడి, ముసలామె గళ్ల మధ్య కూలబడింది. పైడితల్లి కాలు తేలికైపోయింది. ఎంత హాయిగా ఉందంటే, ఆ హాయికి ఏడుపొచ్చింది. మాలచ్చమ్మ పంటి బిగువున నవ్వుతోంది. అది మాత్రం పైడితల్లి చూడలేకపోయింది.

"సార్, మామ్మ లెక్క తప్పింది. సున్నా రాసుకోండి."

సన్యాసిరాజుగారు నిబంధనలు తిరగేశారు. సున్నా ఒకటికీ పదికీ మధ్య లేదు, కాబట్టి నొప్పి ఆయాకే చెందుతుంది. అయినా సున్నా కూడా అంకే, కాబట్టి కాగితంలో గడి ఖాళీగా లేదు. ఇంత శుభ్రమైన జవాబు తన సర్వీసులో చూడలేదని ఆయన ఫస్టు క్లాసు ఇచ్చారు. మాలచ్చమ్మ లేచి, కొంగుతో కళ్లొత్తుకుని, బిళ్ల అందుకుంది.

ఇప్పుడు శిక్షణలో ఆయాలందరికీ సున్నా ఒక్కటే నేర్పుతున్నారు. గృహంలో మొత్తం నొప్పి సున్నా అని గేటు దగ్గర బోర్డు కూడా పెట్టారు. పరీక్ష జరిగిన సాయంత్రం పైడితల్లి కుంటుకుంటూ ఇల్లు చేరి వంట చేసింది. కంచం ముందు కూర్చున్న మొగుడు, ఒంట్లో ఎలగుందని అడిగాడు.

"బానే ఉంది," అంది పైడితల్లి, అతనికి మరికాస్త అన్నం వడ్డిస్తూ.