కోలుకున్నవారు మడి ఖాళీ చేయవలెను

మనిషి దుఃఖానికి మూలకారణం మట్టికి దూరం కావడమేనని మా నగరపాలక సంస్థ కనిపెట్టింది. కనిపెట్టిన వారంలోనే మనశ్శాంతి ఉద్యానవనానికి ఒక గేటు, ఒక యాప్, ఒక ప్రశాంతతాధికారి మంజూరయ్యారు (మట్టి తర్వాత వచ్చింది). మనసు బాగాలేదని డాక్టరు రాసిచ్చిన ప్రతి పౌరుడికీ అందులో మంచమంత మడి ఉచితం.

నాకు కావలసిన అర్హతలన్నీ ఉన్నాయి. ఫోన్లో జనం ఫిర్యాదులు వినడం నా ఉద్యోగం. వినీ వినీ చివరికి, ఇంట్లో ఉప్పు అయిపోయిందని మా ఆవిడ చెబితే "మీ ఫిర్యాదు నమోదైంది" అని జవాబివ్వడం మొదలుపెట్టాను. రాత్రిళ్లు కన్ను మూతపడేది కాదు. డాక్టరు మాత్రలతోపాటు మట్టి కూడా రాశారు.

ఉద్యానవనం నియమాలు చాలా శాస్త్రీయమైనవి. రోజూ పొద్దున్నే వచ్చి ఎవరి విచారం వాళ్లు యాప్‌లో నమోదు చేసుకోవాలి. కోలుకున్నవారు ఆ పూటే మడి ఖాళీ చేయాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మొక్కలతో ఏం పని అని అధికారిగారి ప్రశ్న (సమంజసమే). కూనిరాగం తీయడం, పక్క మడివాళ్ల బాగోగులు అడగడం కోలుకున్నట్టు ప్రాథమిక సాక్ష్యాలు. నవ్వు తిరుగులేని సాక్ష్యం.

అందుచేత అక్కడ బాగుపడే సాహసం ఎవరూ చేసేవారు కాదు. అందరం మొహాలు వేలాడేసుకుని నీళ్లు పోసేవాళ్లం. గేటు బయటి నుంచి చూసినవాళ్లు ఎవరో పోయారనుకుని గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ వెళ్లేవారు.

నాకొచ్చిన కష్టమల్లా నేను నిజంగానే కోలుకోవడం. నెల తిరక్కుండానే ఒళ్లు తెలియని నిద్ర పట్టసాగింది. అధికారిగారి తనిఖీ నాడు ఎలాంటి మొహం పెట్టాలో తోచక మా ఆవిడ సలహా అడిగాను.

"మా తమ్ముడొచ్చినప్పుడు పెడతారే, అదే పెట్టండి. చాలు," అంది.

ఆ మొహంతో రెండు తనిఖీలు గట్టెక్కాను.

నా పక్క మడి ఒక బస్సు డ్రైవరుది. డ్రైవరన్న చాలాకాలంగా సెలవులో ఉన్నాడు, ఎందుకో ఎవరూ అడగలేదు (అడిగితే మడి పోతుంది). నేనేం చేస్తే ఆయనా అదే చేసేవాడు. నేను కలుపు తీస్తే తీసేవాడు, పుల్లలు పాతితే పాతేవాడు. మా మధ్య మాటల్లేవు. అయినా ఆ మనిషి పక్కనుంటే నాకు ప్రాణం హాయిగా ఉండేది. పొద్దున్నే లేచి పరిగెత్తడానికి కారణం మడిలో వేసిన చిక్కుళ్లు కాదు, ఆయనే అని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

చిక్కుళ్లకు మాత్రం నేనే లోటూ చేయలేదు. పందిరి వేశాను. ఎవరూ చూడకుండా పలకరించేవాణ్ణి. ఆకు ఆకుకీ ఫొటో తీసి బంధువులందరికీ పంపేవాణ్ణి. వాళ్లు మర్యాదస్తులు కాబట్టి బాగుందనేవారు.

ఒకరోజు నేను మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి మా ఆవిడ వచ్చింది. మడి వంక కాసేపు చూసింది.

"గడ్డికి పందిరేమిటండీ?" అంది.

అవి చిక్కుళ్లని గంభీరంగా తెలియజేశాను. చిక్కుళ్లయితే మొలకెత్తినప్పుడే మీరు కలుపనుకుని పీకేసి ఉంటారని ఆవిడ అంతకంటే గంభీరంగా తెలియజేసింది. డ్రైవరన్న నా పందిరి చూశాడు, తన పందిరి చూసుకున్నాడు.

"మీరు కళ్లద్దాలు సర్దుకుని మరీ పీకుతుంటే తెలిసినవారనుకున్నానండీ గురువుగారూ," అన్నాడు. "నావి కూడా పీకేశాను."

ముందు ఆయన భుజాలు కదిలాయి. ఆ తర్వాత నావల్ల కాలేదు. ఇద్దరం పొట్టలు పట్టుకుని బురదలో కూలబడ్డాం. కొన్నేళ్లుగా నేనలా నవ్వలేదు, ఆయన వాలకం చూస్తే ఆయనా నవ్వినట్టు లేదు. పక్కనున్న మడులవాళ్లు భయపడి దూరంగా జరిగారు.

తలెత్తేసరికి ప్రశాంతతాధికారి నిలబడి ఉన్నారు.

నేను వెంటనే బావమరిది మొహం పెట్టాను కానీ, అది నవ్వు మీద సరిగ్గా అతకలేదు. నేనింకా కోలుకోలేదని, ఇది జబ్బు ముదిరిన లక్షణమని, కావాలంటే డాక్టర్ని అడగమని వాదించాను. అంత ఓపిగ్గా వాదిస్తున్నానంటే సంపూర్ణ ఆరోగ్యమేనని ఆయన అభినందించారు. ఆ ఏడాది ఉద్యానవనం నయం చేసిన మొట్టమొదటి పౌరులం మేమేనట. మా ఫోన్లకు శుభాకాంక్షలు వచ్చాయి. సిబ్బంది వచ్చి రెండు పందిళ్లూ పీకేశారు. కొత్తవాళ్లిద్దరు దిగాలుగా మడుల్లోకి దిగారు.

మమ్మల్ని గేటు దాకా సాగనంపారు. బయటికొచ్చాక డ్రైవరన్న చేతులకంటిన మట్టి దులుపుకోకుండా అలాగే నిలబడ్డాడు.

"రేపు పొద్దున్నే ఎక్కడికెళ్లాలి, గురువుగారూ?" అన్నాడు.

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గేటు వేస్తున్న అధికారిగారు అది గమనించి, ఆగి, ఫోను తీసి, ఆనందబాష్పాలని నమోదు చేసుకున్నారు.