మలకీ డర్కను కుక్కుటాండ విజయము

పశ్చిమ మహాసముద్రాన పుట్టి, మేఘమాతంగ ఘటలతో బారులు తీరి వచ్చి, బెన్‌బుల్బెన్ పర్వతరాజ శిఖరాన్ని అభిషేకించి, అక్కడ తనివి తీరక ఐర్లండులోని స్లైగో పట్టణపు పలకరాతి కప్పుల మీదా, గారవోగ్ నదీ వంతెనల మీదా, గొడుగు తెచ్చుకున్నవాళ్ళ మీదా మరిచిపోయినవాళ్ళ మీదా సమదృష్టితో వాన కురుస్తున్న నవంబరు మాసాన, గురువారం నాడు, మధ్యాహ్నం రెండుంబావు వేళ, చర్చి వెనక వీధిలోని చిన్న నాటకశాలలో, ఉడకబెట్టిన ఒక కోడిగుడ్డు నిమిత్తంగా మహాసంగ్రామం సంభవించింది. ఓ వాగ్దేవీ, ఆ ఘోరం వర్ణించడానికి వచ్చి నా నాలుక మీద కూర్చో. చోటు చాలకపోతే నిచ్చెన రెండో మెట్టు ఖాళీగానే ఉంది.

నిచ్చెన నాది. ముప్పయ్యేళ్ళుగా ఆ నాటకశాలలో దీపాలు వేసేవాణ్ణీ ఆర్పేవాణ్ణీ నేనే. నన్నెవరూ అభిప్రాయం అడగరు కాబట్టి నాకు అందరి సంగతీ తెలుసు, ఎవరి కడుపులో ఏముందో కూడా తెలుసు. ఈ కథలో అది ముఖ్యం.

ఇక వీరుడు. అరవైమూడు వసంతాలు చూసినవాడూ, ఆజానుబాహుడు కాకపోయినా ఆజానుకోటు ధరించినవాడూ, మా రంగస్థలం మీద నలుగురు పోలీసులుగా, ఆరుగురు మతగురువులుగా, పదకొండు శవాలుగా నటించి ప్రేక్షకలోకాన్ని మెప్పించినవాడూ అయిన మలకీ డర్కన్. శవపాత్రలో అతణ్ణి మించినవాడు మా జిల్లాలో లేడు. తెర పడ్డాక కూడా లేవకపోతే ఒకసారి డాక్టరుకి ఫోను చేశారు. కానీ శవానికి మాటలు రాసే రచయిత ఇంకా పుట్టలేదు కదా.

అలాంటివాడికి ఈ ఏడు ఒక ప్రసంగం దక్కింది. నాటకం మా ఊరివాడే, ఇప్పుడు లేని ఒక రచయిత రాసినది. భార్యను పూడ్చిపెట్టిన మర్నాటి పొద్దున ఒక ముసలి రైతు వంటింట్లో కూర్చుని, పొరుగావిడ ఉడకబెట్టిచ్చిన గుడ్డు ఒక్క మాటా మాట్లాడకుండా పూర్తిగా తింటాడు. తిన్నాక, నాటకం మొత్తంలో మొదటిసారి నోరు విప్పి, పదకొండు వాక్యాలు పలుకుతాడు. ఆ పదకొండు వాక్యాల కోసమే మలకీ ముప్పయ్యేళ్ళు నేల మీద పడుకున్నాడు. వేషం దక్కిన రోజున లైట్రిమ్‌లో ఉన్న చెల్లెలికి ఫోను చేసి, ప్రసంగం రెండుసార్లు చదివి వినిపించాడు.

అయితే విధి మహా తుంటరిది. మలకీకి కోడిగుడ్డంటే కడుపులో తిప్పుతుంది. నిచ్చెన మీది నన్ను మినహాయిస్తే, ఈ రహస్యం ఎరిగిన మరో మనిషి ఈ లోకంలో ఒక్కతే, మా రంగస్థల నిర్వాహకురాలు అట్రాక్టా నూన్. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు. ఏడేళ్ళ వయసులో, చర్చిలో తొలి ప్రసాదం పుచ్చుకునే కమ్యూనియన్ నాటి ఫలహారాల దగ్గర జరిగినదానికి ఆమె తెల్లగౌను ప్రత్యక్షసాక్షి. అందువల్లనే రిహార్సల్లో మలకీ గుడ్డుని ముక్కముక్కా ప్రాధేయపడి మింగుతూ, మంగళవారం నాడు ఏకంగా ఐదు నిమిషాల నలభై సెకన్లు తీసుకున్నాడు.

ఆ లెక్క కాగితం ఇప్పుడు దర్శకురాలు ఓర్లా హెంచీ చేతిలో ఉంది. ముప్పైనాలుగేళ్ళది, లండన్‌లో చదువుకుని వచ్చింది. నాటకం విరామం లేకుండా సరిగ్గా తొంభై నిమిషాల్లో ముగియాలని వ్రతం పట్టింది.

"ఐదు నిమిషాల నలభై సెకన్లు, ఒక్క గుడ్డుకి," అంది. "మలకీ గారూ, మీరు బాగా చేస్తున్నారు, కాదనను. కానీ మూడో నిమిషంలో నేనే కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాను. దర్శకురాలి గతే ఇదైతే, డబ్బిచ్చి వచ్చినవాళ్ళ సంగతేమిటి చెప్పండి?"

సముద్రం అవతలి లీడ్స్ నుంచి రైలూ ఓడా మారి వచ్చిన రంగాలంకరణ నిపుణుడు జూలియన్ పిమ్, కుర్చీలున్నా సిద్ధాంతరీత్యా నేల మీద కూర్చునేవాడు, అక్కణ్ణుంచే చెయ్యెత్తాడు.

"అసలు గుడ్డెందుకండీ? మీ దీవిలో వందేళ్ళుగా ఏ నాటకం చూసినా ఒక వంటిల్లు, ఒక బల్ల, ఒక కెటిల్. మా వైపు మాత్రం ఏం తక్కువ, అంట్లు తోముకునే తొట్టి లేకుండా తెర లేవదు. బల్ల తీసేద్దాం. గుడ్డు తీసేద్దాం. ఖాళీ గిన్నె మీద పైనుంచి తెల్లటి వెలుగొక్కటి వేద్దాం. లేని గుడ్డు, ఉన్న గుడ్డుకంటే పెద్దది."

"గిన్నె కడగక్కర్లేదు, అదొక్కటీ లాభమే," అంది అట్రాక్టా.

"అట్రాక్టా గారూ, గుడ్డంటే ఇక్కడ దేశం. పెంకు పగలడం అంటే..."

"నాయనా, గుడ్డంటే గుడ్డు. పొద్దున్నే బాలిసడేర్ వెళ్ళి నేనే తెచ్చాను. రచయిత ఏం రాశాడు? తింటాడు అని రాశాడు. గిన్నె వంక చూసి బాధపడతాడు అని రాయలేదు."

ఓర్లా ఇద్దరినీ ఆపింది. "గుడ్డు పోతే ప్రసంగం కూడా పోవాలి. మొదటి వాక్యమే దాని గురించి. రెండూ తీసేస్తే ఏడు నిమిషాలు కలిసొస్తాయి, సరిగ్గా తొంభై. రాసుకోండి అట్రాక్టా."

ఇక్కడ మా ధర్మశాస్త్రం ఒకటి చెప్పాలి. నాటకంలో ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ దీపం ఎప్పుడు ఆరాలో, ఏ మాట ఉండాలో ఏది పోవాలో, అన్నీ అట్రాక్టా దగ్గరున్న లావుపాటి పుస్తకంలో ఉంటాయి. అందులో ఆమె పెన్సిలు తప్ప మరో పెన్సిలు తగలకూడదు. అందులో కొట్టేసిన మాటను దేవుడు కూడా తిరిగి పలికించలేడు. అట్రాక్టా పుస్తకం తెరిచింది. పెన్సిలు చూసుకుంది. మొన తగ్గిందన్నట్టుగా చెక్కడం మొదలుపెట్టింది. ఆ చెక్కే తీరు చూస్తే క్రిస్మస్ దాకా సాగేట్టుంది.

అప్పుడు మలకీ డర్కన్ లేచాడు. కోపారుణిత లోచనుడై, కంపిత శ్మశ్రువై, కోటు బొత్తాములు రెండు తప్పుగా పెట్టుకున్నవాడై నిలబడి, తన మనస్సులో ఇట్లు గర్జించాడు:

"ఓసి దర్శకురాలా, వినుము. పదునొకండు పర్యాయములు శవమునై నేలబడి, దుమ్ము ముక్కున దూరినను తుమ్మక, ఈగ కనురెప్పపై వ్రాలినను కదలక, ఈ రంగస్థలమునకు నా యూపిరిని ధారవోసితిని. శవమునకొక్కటి చొప్పున దక్కిన నా పదునొకండు వాక్యములను, కుక్కుటగర్భ సంభవమగు ఒక్క క్షుద్రాండము అపహరింపజాలునా? తెమ్ము దానిని. నేడు ఈ గదియందు అదియో నేనో మిగులవలయును."

పైకి మాత్రం, "ఎంతసేపట్లో తినాలో చెప్పమ్మా," అన్నాడు.

ఓర్లా తలెత్తింది. మనసు మంచిదే, పంతం ఎక్కువ. "రెండు నిమిషాలు. మొత్తం తినాలి, వెంటనే ప్రసంగం చెప్పాలి. ఒక్క సెకను దాటినా తీసేస్తాను, మళ్ళీ నన్ను అడక్కూడదు."

"అట్రాక్టా, ఇంకో గుడ్డుందా?"

అట్రాక్టా నాటకశాల మూలనున్న వంటగట్టు దగ్గరికి పోయి గిన్నెలో నీళ్ళు పెట్టింది. మలకీ వెనకే వెళ్ళాడు. నీళ్ళు మరిగేలోగా ఆమె గొంతు తగ్గించి, వీరులకు యుద్ధానికి ముందు ఎదురయ్యే ప్రలోభాన్ని అతని చెవిన వేసింది.

"ఒరేయ్, పెంకులో పెరుగు పోసి, మధ్యలో డబ్బా పీచ్ ముక్క పెడతాను. డబ్లిన్‌లో మహామహులే అలా కానిస్తారు. ఎవడికీ తెలీదు."

"మొదటి వరుస నాలుగడుగుల్లో ఉంటుందే. సగంమంది కోళ్ళు పెంచినవాళ్ళు. వాసన రాకపోతే నవ్వుతారు."

"కమ్యూనియన్ రోజు గుర్తుందా?"

"నీ గౌను గుర్తుంది."

"అయితే నేను దూరంగా నిలబడతాను," అని ఆమె గుడ్డుని నీళ్ళలోకి దించింది.

నాలుగు నిమిషాల తర్వాత రణరంగం సిద్ధమయింది. గిన్నెలో ఆసీనమై, పూర్ణచంద్ర ధవళమై, ఆవిరులు గక్కుతూ, ఏమీ ఎరగనట్టు కూర్చున్న కుక్కుటాండ మహాదుర్గం ఒకవైపు. చెంచాయుధుడై, ఉప్పు మరిచిపోయి, వెన్న రాసి వేలెడు వెడల్పున కోసిన రొట్టెముక్కలు ఆరింటిని వెంటబెట్టుకున్న మలకీ మరోవైపు. ఆ ముక్కల్ని మా వైపు సైనికులనే అంటారు. ఇంత చిన్న సైన్యంతో ఇంత పెద్ద యుద్ధానికి దిగినవాణ్ణి నేను చూడలేదు. అట్రాక్టా స్టాప్‌వాచీ నొక్కింది.

ఠక్కుమని చెంచా పడింది. మొదటి దెబ్బకు ప్రాకారం బీటలువారింది, మూడో దెబ్బకు శిఖరం విరిగి పళ్ళెంలో దొర్లింది, ఇరవయ్యో సెకను కల్లా పసుపుపచ్చని సొన పొంగి అంచులు దాటి వెల్లువెత్తగా, ఆ వెల్లువలోకి మొదటి సైనికుడు వెనుదిరిగి చూడకుండా దూకాడు, రెండోవాడు వాడి వెనకే దూకాడు, ఇద్దరూ తడిసి ముద్దై మలకీ నోట అస్తమించారు. నలభై ఐదు. అప్పుడు మొదలయింది అసలు తిరుగుబాటు. ఉదరరాజ్యం అట్టుడికింది. కంఠద్వారం దగ్గర లోపలికి పోయే సేనకూ బయటికి రాబోయే సేనకూ తోపులాట జరిగింది. మలకీ ముఖం ముందు ఎర్రబడి, తర్వాత తెల్లబడి, ఆ తర్వాత మా ప్రాంతపు పచ్చికకు దగ్గరగా వచ్చింది.

"ఈ నిశ్శబ్దంలో ఒక..." అని పిమ్ మొదలుపెట్టాడు.

"నోర్ముయ్ నాయనా," అంది అట్రాక్టా ఎంతో మర్యాదగా. ఒక నిమిషం పది.

మూడోవాడు, నాలుగోవాడు, ఐదోవాడు. తెల్లసొన జారుతుంది, చెంచా తప్పించుకుంటుంది, చెంచాలోంచి గడ్డం మీదికి, గడ్డం మీంచి మళ్ళీ చెంచాలోకి వస్తుంది. మలకీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెంప మీదుగా ఒక చుక్క కారింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను నిచ్చెన కమ్మీ పట్టుకుని, నాకు తెలిసిన ప్రార్థనలన్నీ, పెళ్ళిలో చెప్పేదాంతో సహా, చెప్పుకున్నాను. ఒక నిమిషం నలభై ఎనిమిది.

ఓర్లా ముందుకు వంగి గిన్నెలోకి చూసింది. "అడుగున ఉంది," అంది.

నిజంగానే ఉంది. దుర్గం అడుగున, పాతాళగృహంలో, వేలిగోరంత తెల్లసొన పెంకుని కరుచుకుని దాక్కుంది. మలకీ చెంచా తిప్పి గీకాడు. రాలేదు. ఆరో సైనికుణ్ణి తలకిందులుగా దింపి, దానికి అంటించి, మెల్లగా లాగి, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. మింగాడు. ఆగాడు. మళ్ళీ మింగాడు. చెంచా బల్ల మీద పెట్టాడు.

"ఒకటి యాభై ఏడు," అని అట్రాక్టా పెంకు బోర్లించి పళ్ళెం మీద కొట్టింది. ఏమీ రాలలేదు.

మలకీ ఆ ఖాళీ పెంకు వంక చూశాడు. అప్పుడు "ఆమె ఇంత మెత్తగా ఉడకబెట్టేది కాదు," అన్నాడు.

అది మొదటి వాక్యం. తర్వాతి పదీ వచ్చాయి, తొందర లేకుండా, ఒకదాని వెనక ఒకటి, పక్కగదిలో పడుకున్నవాళ్ళు లేస్తారేమో అన్నట్టు. వాన కిటికీని కొడుతూనే ఉంది గానీ ఎవరూ అటు చూడలేదు. ఓర్లా చేతిలో కాగితం కిందికి జారింది. ఇక దాచేదేముంది, నాకు దుఃఖం ఆగలేదు. ముప్పయ్యేళ్ళు పోలీసుగా, శవంగా వచ్చి వెళ్ళిన మనిషిలో ఇంత ఉందని ఎవరికీ తెలియకపోవడం మా అందరి తప్పు.

పిమ్ నేల మీంచి లేచాడు. నేనతణ్ణి నిలబడి చూడటం అదే మొదలు. "ఆ కన్నీళ్ళు... ఎలా తెప్పించారండీ?"

"లోపల్నుంచే వచ్చాయి," అన్నాడు మలకీ. అంతకంటే నిజమైన మాట ఆ నాటకశాలలో ఎవరూ పలకలేదు.

"ఉంచుదాం," అంది ఓర్లా. "గుడ్డూ, ప్రసంగం, బల్ల కూడా. తొంభై మూడైతే అయింది. అట్రాక్టా, ఏమీ కొట్టెయ్యకండి."

"ఇంకా పెన్సిలే చెక్కడం అవలేదు," అంది అట్రాక్టా.

"కానీ మలకీ గారూ, ఒక్క షరతు. సరిగ్గా ఇదే కావాలి నాకు. ఇంతే మెత్తటి గుడ్డు, ఇవే కన్నీళ్ళు, ప్రతి ఆటకీ."

మలకీ గడ్డం మీది సొన తుడుచుకున్నాడు. "ఎన్ని ఆటలమ్మా?"

"నాలుగు వారాలు. ఆదివారం సెలవు. శనివారం మధ్యాహ్నం ఇంకొకటి."

మలకీ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. చేతులు రెండూ చాలలేదు. "ఇరవై ఎనిమిది," అన్నాను నిచ్చెన మీంచి. ఆ రోజు నేను పలికిన మాట అదొక్కటే.

అతను చెంచా తీసి ఖాళీ గిన్నెలో పెట్టాడు. తర్వాత కోటు సర్దుకుని, "సరేనమ్మా," అన్నాడు. "రేపట్నుంచి ఉప్పు పెట్టించండి."

ఈ వీరచరితమును ఉదయ ఫలహార వేళ భక్తితో చదివినవారి చొక్కాలపై సొన కారకుండుగాక. విన్నవారి రొట్టెముక్కలు గిన్నెలో విరుగకుండుగాక. ఇట్లు పశ్చిమ ఐర్లండు మండలమున, రెండు నిమిషములకు మూడు సెకన్లు మిగులగా, ఒక్క గుడ్డుపై ఘనవిజయము గడించి, తత్ఫలముగా మరి ఇరువది యెనిమిది గుడ్లు తినుటకు అర్హత సంపాదించిన రంగస్థల సార్వభౌముడు మలకీ డర్కను, దర్శకురాలి కరచాలనమును స్వీకరించి, అలంకరణ నిపుణునికి తలయూచి, అట్రాక్టా నూను తెరచి పట్టిన తలుపు గుండా, శౌచాలయము దిక్కుగా పరుగున వేంచేసెను.